హాల్ పీసీకి పెట్టిన హార్డ్ డిస్క్‌కు రాత్రి బ్యాకప్ పోతలేదు, చేత్తోని కాపీ చేస్తె మాత్రం మంచిగ పోతుంది

కాజీపేట్_జంక్షన్:

అన్నలకు నమస్తే. జర పెద్దగనే రాస్తున్న, ఓపికతోని సదువుర్రి.

మాది హన్మకొండ. కింద హాల్ల ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, విండోస్ 10ది, దానికి 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి షేర్ చేసిన. పైన రూంల నా పీసీ విండోస్ 11. ప్లాన్ ఏందంటె నా ఫైళ్ళు, మా ఇంటామె లాప్‌టాప్ ఫైళ్ళు రెండు ఆ ఒక్క డిస్క్‌కే పోవాలె, రోజు రాత్రి దానంతట అదే, మనం ముట్టుకునుడే ఉండద్దు. మొత్తం కలిపితె 400 జీబీ దాక ఉంటది. పిల్లల ఫోటోలు, చెల్లె పెండ్లి వీడియో, మా బాపు భూమి కాయిదాలు పాస్ బుక్కులు అన్ని స్కాన్ చేసినయి, ఇంక ఇంటామె టీచరు కాబట్టి ఎన్నో ఏండ్ల సంది తయారు చేసుకున్న క్వశ్చన్ పేపర్లు. అవి గిట్ల పోయినయంటె నన్ను ఇంట్ల ఉండనియ్యది.

ఆ షేర్‌ను నా పీసీల జెడ్ డ్రైవ్ లెక్క మ్యాప్ చేసిన. లాగి పడేస్తె ఫైళ్ళు పోతున్నయి. విండోస్‌ల వచ్చే కాపీ కమాండ్ రోబోకాపీతోని చిన్న బ్యాచ్ ఫైలు రాసుకున్న, దాని మీద డబుల్ క్లిక్ కొడితె అది కూడ నడుస్తుంది. అదే బ్యాచ్ ఫైలును, చెప్పిన టైంకు దానంతట అదే నడిపించే టాస్క్ షెడ్యూలర్ల రాత్రి 2 గంటలకు పెడితె మాత్రం పొద్దుగాల లాగ్ చూస్తె ఎర్రర్ 3, జెడ్ పాత్ దొరుకుతలేదు అంటది. అరె డ్రైవ్ ఎదురుంగనే కనపడుతుంది కద, వానికేమో దొరకదట!

ఇంకో లొల్లి, పెండ్లి వీడియో 14 జీబీ ఒకటే ఫైలు, అది ఎట్ల చేసినా పోతలేదు, ఫైలు పెద్దగుంది అంటది. డిస్క్‌ల చూస్తె 1.3 టీబీ ఖాళీ ఉంది. ఇంటామె లాప్‌టాప్‌ల షేర్ తెరిస్తె యూజర్ నేమ్ పాస్‌వర్డ్ అడుగుతుంది, హాల్ పీసీకి రోజు కొట్టే పిన్నే కొట్టిన, తప్పు అంటది. స్పీడ్ కూడ వైఫైల 3 ఎంబీ దాటుతలేదు.

ఇవన్నీ ఒకటే రోగమా, వేరే వేరేనా? ఎవరికన్న తెలిస్తె చెప్పుర్రి.


మబ్బుల_మామ:

ఇంత పరేషాన్ దేనికి భయ్యా, క్లౌడ్‌ల పడేసి నిమ్మలంగ పండుకో. నెలకు కొన్ని పైసలు కడితె అయిపాయె. ఈ హాల్ పీసీలు, వైర్లు, కరెంటు పోవుడు, ఇవన్ని పెట్టుకుంటె ఆదివారాలన్ని దీనికే పోతయి.


పాత_డబ్బా_పీసీ:

క్లౌడ్ మంచిదే గని 400 జీబీ ఎక్కియ్యాల్నంటె ముందు ఆయన అప్‌లోడ్ స్పీడ్ ఎంతున్నదో చూడాలె. భూమి కాయిదాలు, క్వశ్చన్ పేపర్ల వరకు క్లౌడ్‌ల ఒక కాపీ పెట్టుకోవచ్చు, అది ఒప్పుకుంట. మొత్తం దాని మీదనే ఇడిసిపెట్టుడు నాకైతె నచ్చది.

తమ్మి, నీకున్నయి నాలుగు వేరే వేరే రోగాలు. ఒక్కొక్కటి చెప్త.

ముందు ఎర్రర్ 3 సంగతి. జెడ్ అనే అక్షరం నువ్వు లాగిన్ అయినప్పుడు నీ సెషన్‌కు మాత్రమే ఉంటది. టాస్క్ షెడ్యూలర్ల నువ్వు యూజర్ లాగిన్ ఉన్నా లేకున్నా నడవాలె అని పెట్టి ఉంటవు, అప్పుడది వేరే సెషన్‌ల నడుస్తది, ఆడ జెడ్ అనేదే లేదు. హైయెస్ట్ ప్రివిలేజెస్ అని టిక్ పెట్టినా అంతే, అడ్మిన్ లెక్క నడిచే ప్రోగ్రాంకు మామూలుగ మ్యాప్ చేసిన డ్రైవ్ కనపడది. అందుకే బ్యాచ్ ఫైలుల జెడ్ తీసేసి పూర్తి నెట్‌వర్క్ పాత్ రాయి, అంటె రెండు బ్యాక్‌స్లాష్‌లు, పీసీ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. \\హాల్‌పీసీ\బ్యాకప్ అన్నట్టు.

గంతటితోనే అయిపోదు. అదే టాస్క్ కిటికీల కింద డూ నాట్ స్టోర్ పాస్‌వర్డ్ అని ఒక చిన్న టిక్ ఉంటది. దాని పక్కనే రాసి ఉంటది, ఈ టాస్క్‌కు లోకల్ కంప్యూటర్‌ల ఉన్నయే అందుతయి అని. ఎవ్వరూ సదువరు దాన్ని. ఆ టిక్ ఉంటె నువ్వు పాత్ ఎంత మంచిగ రాసినా నెట్‌వర్క్‌ల అడుగు పెట్టది. టిక్ తీసెయ్, పాస్‌వర్డ్ అడుగుతది, ఆడ కూడ పిన్ కాదు, అసలు పాస్‌వర్డ్.

అదే మూడో రోగానికి మందు. పిన్ అనేది ఆ ఒక్క పీసీ ముంగట కూసున్నోనికే పనికొస్తది, నెట్‌వర్క్ మీదికెళ్ళి పిన్‌తోని లోపలికి రానియ్యది. హాల్ పీసీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని ఉంటె ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టాలె. దానికంటె మంచిది, హాల్ పీసీల బ్యాకప్ అని కొత్త లోకల్ యూజర్‌ను చేసి, పెద్ద పాస్‌వర్డ్ పెట్టి, షేర్ ఆ యూజర్‌కే ఇయ్యి. ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చుడు మాత్రం వద్దు, యూట్యూబ్‌ల సగం మంది అదే చెప్తరు.

పెండ్లి వీడియో సంగతి చూస్తె నీ డిస్క్ ఫ్యాట్ 32 అనే పాత ఫార్మాట్‌ల ఉన్నట్టుంది. అండ్ల ఒక ఫైలు 4 జీబీ దాటద్దు, ఖాళీ ఎంతున్నా సరే. డిస్క్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌ల చూడు, ఏమున్నదో చెప్పు.

ఇంక రోబోకాపీల స్లాష్ ఆర్, స్లాష్ డబ్ల్యూ పెట్టినవా లేదా? పెట్టకుంటె ఏదన్న ఒక ఫైలు తెరిచి ఉన్నదనుకో, డీఫాల్ట్‌గ అది 10 లక్షల సార్లు మళ్ళ మళ్ళ చూస్తది, సారికి సారికి మధ్యల 30 సెకన్లు ఆగుతది. లెక్క కట్టు, ఒక్క ఫైలు కాడనే దగ్గర దగ్గర ఏడాది కూసుంటది. /ఆర్:2 /డబ్ల్యూ:5 పెట్టు, రెండు సార్లు చూసి ముందుకు పోతది.

స్పీడ్ సంగతి తర్వాత. ముందు ఇది చూసి చెప్పు.


కాజీపేట్_జంక్షన్:

అన్నా దండం. ఫ్యాట్ 32నే ఉంది. ఈ డిస్క్ ఇదివరకు టీవీకి పెట్టి సినిమాలు చూసేది, టీవీల నడవాల్నని షాపాయన గట్ల చేసి ఇచ్చిండు. ఇప్పుడు ఫార్మాట్ కొట్టాల్నంటె అండ్ల ఉన్న సామానంత ఏడ పెట్టాలె, ఇంకో డిస్క్ లేదు.

ఆర్, డబ్ల్యూ పెట్టలే. స్లాష్ ఎంఐఆర్ మాత్రం పెట్టిన, నెట్‌ల అదే ఉండె.


స్టూడియో_జమ్మికుంట:

ఎంఐఆర్ అని చూడంగనే రాయబుద్ధయింది. మేము ఫోటో స్టూడియో నడుపుతం, పెండ్లిల్ల సీజన్‌ల డేటాతోనే మా బతుకు, అందుకని జర ఎక్కువ మాట్లాడితె ఏమనుకోకుర్రి.

ఎంఐఆర్ అంటె అద్దం. ఈడ ఏముంటె ఆడ అదే, ఈడ లేంది ఆడ ఉండనియ్యది, తీసేస్తది. పిల్లలు ఆడుకుంట ఒక ఫోల్డర్ డిలీట్ కొట్టిన్రనుకో, నీకు తెలవకముందే రాత్రి 2 గంటలకు బ్యాకప్‌ల కూడ అది ఉండదు. నెల రోజులకు ఆ ఫోల్డర్ కావాల్నంటె ఏడికెళ్ళి తెస్తవు? దాన్ని బ్యాకప్ అనరాదు. ముందైతె ఎంఐఆర్ తీసేసి స్లాష్ ఈ పెట్టు, సబ్ ఫోల్డర్లతోని కాపీ అయితయి, ఏదీ డిలీట్ కాదు.

అసలు ముచ్చట ఇంకోటుంది. మీరందరు పై పీసీ నుంచి కింది డిస్క్‌కు తోస్తున్నరు. తొయ్యాల్నంటె పై పీసీకి ఆ డిస్క్ మీద రాసే హక్కు ఉండాలె. రేపు ఏదో క్రాక్ సాఫ్ట్‌వేర్‌తోని పై పీసీల రాన్సమ్‌వేర్, అంటె ఫైళ్ళకు తాళం వేసి పైసలడిగే వైరస్, జొర్రిందనుకో, అది సీ డ్రైవ్ ఒక్కటే చూసి ఊకోదు, మ్యాప్ చేసిన డ్రైవ్‌లు, చేతికి అందిన షేర్లు అన్ని తిరిగి ఎన్‌క్రిప్ట్ చేస్తది. అసలు, బ్యాకప్ రెండూ ఒకటే రాత్రి ఖతం. మా లైన్‌ల ఒక స్టూడియో ఆయనకు అచ్చం గిట్లనే అయింది, కస్టమర్లకు ఏం చెప్పాల్నో తెలవక నెల రోజులు ఫోన్ ఎత్తలే.

అందుకని ఉల్టా చెయ్యి. హాల్ పీసీనే పైకెళ్ళి గుంజుకోవాలె. పై పీసీల ఒక లోకల్ యూజర్‌ను చేసి, నీ ఫోటోల ఫోల్డర్, డాక్యుమెంట్ల ఫోల్డర్ ఆ యూజర్‌కు రీడ్ మాత్రమే ఇచ్చి షేర్ చెయ్యి. షేరింగ్ ట్యాబ్‌ల రీడ్ ఇస్తె సరిపోదు, సెక్యూరిటీ ట్యాబ్‌ల కూడ ఆ యూజర్‌కు రీడ్ ఉండాలె, రెండిట్ల ఏది తక్కువుంటె అదే నడుస్తది. హాల్ పీసీల కాపీ చేసే టాస్క్ పెట్టు, డిస్క్ దానికే పెట్టి ఉంది కాబట్టి దానికది సొంత డ్రైవ్, జెడ్ గిట్ల లొల్లి లేనే లేదు. డిస్క్ షేరింగ్ మాత్రం బంద్ పెట్టు, లేదంటె చూసుకునేటందుకు రీడ్ ఒక్కటే ఉంచు. ఇప్పుడు పై పీసీకి ఏ రోగమొచ్చినా దాని చెయ్యి డిస్క్ దాక అందది. హాల్ పీసీ పాస్‌వర్డ్, పై పీసీ పాస్‌వర్డ్ ఒకటే పెట్టుకోకుర్రి మళ్ళ, అప్పుడు ఇదంత ఉత్తదే అయితది.

కాపీకి మేము ఫ్రీ ఫైల్ సింక్ అనే ప్రోగ్రాం వాడుతం. అండ్ల వెర్షనింగ్ అని ఒకటుంది, మారిన ఫైలు పాత కాపీని, డిలీట్ అయినదాన్ని వేరే ఫోల్డర్‌ల తేదీ టైం వేసి దాచిపెడతది. ఎన్‌క్రిప్ట్ అయిన చెత్త వచ్చి పడ్డా పాతది ఉంటది. రోబోకాపీ స్లాష్ ఈ తోని ఆ సుఖం లేదు, అదే పేరుతోని మారిన ఫైలు వస్తె పాతదాని మీదనే రాస్తది.

ఇక ఫార్మాట్ కొట్టకుంట డిస్క్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ చేసే దారి ఉంది, అండ్ల ఆ 4 జీబీ హద్దు లేదు, కన్వర్ట్ అనే కమాండ్, విండోస్‌లనే వస్తది. డేటా పోకుంట మారుస్తది. అయినా ముఖ్యమైనయి ముందు వేరే దాంట్ల తీసి పెట్టుకో, మధ్యల కరెంటు పోతె ఎవ్వనిది పూచీ కాదు. ఒకసారి మారినంక అదే కమాండ్‌తోని వెనక్కి రాదు, టీవీల నడుస్తదో లేదో చూసుకో.


రౌటర్_రాజ్యం:

నడుమ వస్తున్న. ఈ పాత డెస్క్‌టాప్ రాత్రంత ఎందుకు నడపాలె, రౌటర్ ఎనుక యూఎస్‌బీ పోర్ట్ ఉంటది కద, డిస్క్ దానికే పెడితె కరెంటు బిల్లు మిగులుతది.


పాత_డబ్బా_పీసీ:

కొన్ని రౌటర్లల్ల నడుస్తది, నడవదని అనను. గని రెండు చూసుకోవాలె. నెట్‌వర్క్‌ల ఫైళ్ళు షేర్ చేసే భాషను ఎస్ఎంబీ అంటరు, పాత రౌటర్లు చానా వరకు దాని పాత వెర్షన్ ఎస్ఎంబీ 1 ఒక్కటే మాట్లాడుతయి. 2017ల వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి దునియా అంత ఆగమైంది గదా, అది జొర్రింది ఆ ఎస్ఎంబీ 1ల ఉన్న బొక్కల నుంచే. అదే ఏడాది వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లల్ల అది ఉండదు. అప్పుడు రౌటర్ డిస్క్ కనపడదు, మనోళ్ళు ఏం చేస్తరు, విండోస్ ఫీచర్లల్ల పొయ్యి ఎస్ఎంబీ 1 మళ్ళ ఆన్ చేస్తరు. తాళం తీసి పారేసినట్టే అది. రౌటర్‌కు ఎస్ఎంబీ 2 గని 3 గని ఉంటెనే పెట్టు.

రెండోది కరెంటు. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీఆంప్‌లు. అడాప్టర్ లేని చిన్న హార్డ్ డిస్క్ తిరుగుడు షురూ చేసేటప్పుడు అంతకంటె ఎక్కువనే గుంజుతది. టిక్ టిక్ అని సప్పుడు చేసుకుంట ఆగి ఆగి తిరుగుతుందంటె పవర్ చాలుతలేదని, అట్లనే నడిపితె డిస్క్ పోతది. సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డిస్క్ అయితె ఆ గోస లేదు.

కాజీపేట్ తమ్మీ, నీ స్పీడ్ సంగతి. 3 ఎంబీ లెక్కన 400 జీబీ పోవాల్నంటె 37 గంటలు. అందుకని మొదటి బ్యాకప్ నెట్‌వర్క్ మీద వద్దే వద్దు, డిస్క్ పీకి పై పీసీకి నేరుగ యూఎస్‌బీ 3ల పెట్టి కాపీ కొట్టి, మళ్ళ తెచ్చి హాల్ల పెట్టు. పెద్ద ఫైళ్ళయితె గంటంబావుల అయితది, చిన్న చిన్న ఫోటోలు లక్షల్ల ఉంటె ఇంకా పడతది. ఆ తర్వాత రోజు మారేది ఎంత, ఒక జీబీ రెండు జీబీలు, వైఫైలనే పోతది. కేబుల్ గుంజే ఓపిక ఉంటె గుంజు, గని నెట్ వాళ్ళిచ్చిన రౌటర్ల పోర్టులు 100 ఎంబీపీఎస్ అయితె కేబుల్ పెట్టినా సెకనుకు 11 ఎంబీ కంటె దాటది, అది చూసుకొని ఖర్సు పెట్టు.

జమ్మికుంట అన్న చెప్పిన గుంజుకునే పద్ధతి మంచిగుంది, నేను చెప్పినదాని కంటె అదే చెయ్యి. ఒక్కటే ఇబ్బంది, పై పీసీ నిద్ర పోతె కింది పీసీకి ఏం దొరకది. రాత్రి 2 గంటలకు కాకుంట సాయంత్రం నువ్వు ఎట్లైనా కూసునే టైంకు పెట్టుకో. రెండు పీసీలల్ల నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉండాలె, పబ్లిక్ ఉంటె షేర్ కనపడది. ఇంకోటి, ఆ హాల్ పీసీ విండోస్ 10 కద, 2025 అక్టోబర్ 14తోని మామూలు సపోర్ట్ అయిపోయింది. దాని మీద బ్రౌజింగ్, పిల్లల గేములు బంద్ పెట్టు, బ్యాకప్‌కే ఉంచు. విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కిస్తె ఇంకా మంచిది, ఒక ఆదివారం పని.


కాజీపేట్_జంక్షన్:

అప్‌డేట్ ఇస్తున్న. కాయిదాలు, పేపర్లు ముందుగాల ఇంటామె లాప్‌టాప్‌ల కాపీ పెట్టి, ఇన్వర్టర్ ఫుల్ ఛార్జ్ ఉన్నప్పుడు కన్వర్ట్ కొట్టిన. డిస్క్ పేరు అడిగింది, వాల్యూమ్ లేబుల్ అని, మై కంప్యూటర్‌ల చూసి అదే టైప్ చేస్తె ముందుకు పోయింది. సినిమాలు కూడ ఉన్నయి ఎటు పోలే. పెండ్లి వీడియో ఎక్కింది! లాప్‌టాప్‌కు డిస్క్ పెట్టి నడిపి చూసిన, ఎదుర్కోళ్ళ నుంచి అప్పగింతల దాక ఏడ ఆగలే.

గుంజుకునే పద్ధతే పెట్టిన. మొదట యాక్సెస్ డినైడ్ అన్నది, సెక్యూరిటీ ట్యాబ్‌ల ఆ యూజర్‌ను యాడ్ చేస్తె సాఫ్ అయింది. పై పీసీల కూసొని డిస్క్‌ల ఒక ఫైలు డిలీట్ కొట్టి చూద్దామని పొయ్యిన, పర్మిషన్ లేదంటది. అన్నా నాకే పర్మిషన్ లేదంటె మస్తు ఖుషీ అయింది. సాయంత్రం 7 గంటలకు పెట్టిన, వెర్షనింగ్ ఫోల్డర్‌ల తేదీలతోని పాత కాపీలు పడుతున్నయి. అది పెరుగుకుంట పోతె డిస్క్ నిండదా?

ఇంకోటి, ఇంత చేసినంక కూడ రెండో డిస్క్ కావాల్నా? ఇంట్ల అడిగితె ఇంకెన్ని డబ్బాలు కొంటవు అంటున్నరు.


స్టూడియో_జమ్మికుంట:

వెర్షనింగ్‌ల ఎన్ని రోజులు ఉంచాలె, ఒక ఫైలుకు ఎన్ని కాపీలు ఉండాలె అని పెట్టుకోవచ్చు, 180 రోజులు పెట్టు, పాతయి అదే తీసేస్తది.

రెండో డిస్క్ కావాలె తమ్మి, ఇంటోళ్ళకు నేను చెప్తనంటె ఫోన్ ఇయ్యి. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ చెప్పిన లెక్క ఒకటుంది, 3 2 1 అంటరు, మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సామాన్ల మీద, ఒకటి ఇంటి బయట. మనోళ్ళు మూడు కాపీల దాక వస్తరు, ఆ ఇంటి బయటి ముచ్చటకే బద్ధకం. 2023 జులైల మీ నయీంనగర్ నాలా పొంగి నీళ్ళు ఇండ్లల్లకు వచ్చినయి కద. హాల్ల కింద పెట్టిన డెస్క్‌టాప్, దాని పక్కకే డిస్క్, రెండు ఒకటేసారి మునుగుతయి. ముందైతె ఆ డిస్క్‌ను నేల మీద కాకుంట సజ్జ మీద పెట్టు, దానికి పైస ఖర్సు లేదు.

రెండోది కొత్తదే కావాల్నని లేదు, 1 టీబీది సరిపోతది. ఊర్ల అమ్మోళ్ళింట్ల పెట్టు, దసరాకు, సంక్రాంతికి, ఉగాదికి పోతవు కద, అప్పుడు తెచ్చి అప్‌డేట్ చేసి మళ్ళ ఇచ్చి రా. మిగతా టైంల దానికి వైరే ఉండద్దు.


రౌటర్_రాజ్యం:

భూమి కాయిదాలున్న డిస్క్ ఊర్లె బీరువాల పెట్టి, ఎవడన్న తీస్కపోతె? డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ పెట్టుకుంటె అయిపోదా.


స్టూడియో_జమ్మికుంట:

పెట్టాలె, నిజమే. విండోస్ హోం అయితె బిట్‌లాకర్‌తోని బయటి డిస్క్‌కు తాళం వేసుడు రాదు, ప్రో ఉండాలె. హోం అయితె వెరాక్రిప్ట్ ఉచితంగనే దొరుకుతది, అది వాడు. పాస్‌వర్డ్ ఒక కాయిదం మీద రాసి హన్మకొండల ఇంటామెకు ఇయ్యి, డిస్క్‌తోని కలిపి ఊరికి పంపకు. ఆమెకు ఒకసారి తెరిచి చూపెట్టు కూడ, క్వశ్చన్ పేపర్లు ఆమెవే కద, నువ్వు లేని రోజు ఆమె తీసుకునేటట్టు ఉండాలె.